గొంతెక్కడికి పోతుందమ్మాయ్

మొన్నొక మధ్యాహ్నం మా కేబుల్ వాడికి వేరే ఏదీ దొరకనట్టుంది, ఆ సినిమా వేశాడు. కాలేజీకి సెలవు. బాపట్లలో ఆ పూట కరెంటు కూడా ఉంది, అదొక వింత. పక్కింటి టీచరుగారు ఇడ్లీ రవ్వ కోసం గిన్నె పట్టుకుని వచ్చి టీవీ ముందు అలాగే నిలబడిపోయింది. తెర మీద ఇసుక, ఇసుకలో శవాలు, శవాల మధ్య జుట్టు విరబోసుకున్న ఒక రాణి. పద్యం మొదలైంది. మొదలైనంత వేగంగానే అయిపోయింది.

"ఎంత తియ్యగా పాడిందండీ! ఆవిడ ఇంకా ఉన్నారాండీ?"

"లేరండి, నిరుడు పోయారు. కానీ పాడింది ఆవిడ కాదు."

"అదేంటండీ, పెదాలు కదిలాయిగా?"

"ఆదివారం మా చర్చిలో అందరి పెదాలూ కదుల్తాయండి. అందరూ పాడుతున్నట్టేనా?"

పాపం, రవ్వ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. తర్వాత నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఏమీ అనుకోరు, ఆవిడ కొత్త. కానీ నా కోపం ఆవిడ మీద కాదు. ఆ రాణి మొహానికి ఇంకెవరి గొంతో తగిలించారు. ఇక చూసినవాళ్ళందరూ దాన్నే ఆవిడ గొంతనుకుంటారు. అసలు గొంతు విన్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నేనింకా ఉన్నాను, రాయడం వచ్చు, అందుకే రాస్తున్నాను.

ఎనభైల్లో తెనాలి కాలేజీలో పనిచేసేటప్పుడు ఆ రాణి వేసినావిడ ఇంట్లో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిడ నా ఉద్యోగం గురించి గానీ, మా ఆయన గురించి గానీ ఏమీ అడగలేదు.

"మీరు క్రిస్టియన్సా?"

"అవునండి, లూథరన్లం. అభ్యంతరమా?"

"అబ్బే, పాడతారేమో అని అడిగాను. నేను రోజూ పొద్దున్నే పాడతాను. గోడ పల్చన. ఇష్టమైతే దిగండి, కష్టమైతే దిగొద్దు. దిగాక గోడ కొట్టడాలు ఉండకూడదు."

మేం దిగాం. ఆవిడ పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు వేసేది. "నాటకాలావిడ" అంటే ఊరుకునేది కాదు, "ఆర్టిస్టు" అనాలి. మేమున్నన్నాళ్ళూ ఆవిడ వయసు నలభై దాటలేదు. మేం మాత్రం దాటాం. గొంతు పోతుందని ఐసు అంటే చచ్చేంత భయం. ఐసు ఫ్యాక్టరీ ఉన్న వీధిలోంచి రిక్షా పోనిచ్చేది కాదు, చుట్టు తిప్పించేది. దానికి రిక్షావాడు ఎక్కువ అడిగితే రాణిగారి గొంతుతోనే కసిరేది. ఆ గొంతుకి వాడే కాదు, సందు చివర పాలావిడ కూడా ఉలిక్కిపడేది. రైలెక్కితే కిటికీ పక్కన కూర్చోదు. కూర్చోవాల్సొస్తే కొంగు నోటి మీద కప్పుకుంటుంది. బుగ్గలో ఎప్పుడూ ఒక మిరియం గింజ. దాన్ని అటు నుంచి ఇటు తోసుకుంటూ మాట్లాడేది. ఎవరి మీదైనా చాడీ చెప్పే ముందు మాత్రం తీసి పక్కన పెట్టేది.

అప్పట్లో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కాంట్రాక్టు నాటకాలు ఆడేవి. కాంట్రాక్టరు ఒక్కో వేషానికి ఒక్కో ఊరి నుంచి పేరున్న మనిషిని పిలుస్తాడు. రిహార్సల్ ఉండదు, స్టేజీ మీదే కలుసుకుంటారు. ఎవరి పద్యం వాళ్ళది, ఎవరి రాగం వాళ్ళది. ఆవిడకి బాగా పేరు తెచ్చిన నాటకాన్ని జనం "రాణి నాటకం" అనేవాళ్ళు. యుద్ధంలో చచ్చిపోయిన కొడుకుని వెతుక్కుంటూ తల్లి రణరంగానికి వస్తుంది. శవం కనపడుతుంది. అప్పుడొక పద్యం. ఉండేది నాలుగు పాదాలే, ఒక్కో పాదానికీ ముందు రాగం, వెనక రాగం. హార్మోనియం ఆయన వేళ్ళు నొప్పి పుట్టి చేతులు మార్చుకునేవాడు. పద్యం అయ్యాక రాణి కొడుకు మీద పడి ప్రాణం విడుస్తుంది. జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. చచ్చిన రాణి లేచి, చేతులు జోడించి దణ్ణం పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.

నాకది ఎప్పుడూ మింగుడు పడలేదు. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ అననే అన్నాను.

"చచ్చిన మనిషి లేవడమేంటి పిన్నిగారూ? కాస్తయినా నిజం ఉండొద్దూ?"

"మీ ప్రభువు లేవలేదా?"

"ఆయన మూడో రోజు లేచాడు. మీరు మూడో నిమిషంలో లేస్తారు."

"నన్ను జనం అడిగారు. ఆయన్నెవరూ అడక్కుండానే లేచాడుగా?"

తడి దుప్పటి అవతల మొహం దాచుకుని నవ్వాను. నవ్వినట్టు తెలిస్తే ఆ నెలంతా చెప్పుకునేది. అయినా వదల్లేదు. "సరే, లేచారు. పాడిందే మళ్ళీ పాడ్డం ఎందుకు?" అన్నాను.

అప్పుడు మిరియం పక్కన పెట్టింది. "పాడిందే పాడతానని నీకెవరు చెప్పారు? మొదటిసారి పాడినప్పుడు కొడుకు చచ్చాడని తెలుస్తుంది. రెండోసారి వాడింక లేడని తెలుస్తుంది. రెండూ ఒకటేనా అమ్మాయ్?"

ఆవిడ చెప్పింది గొప్ప కోసం కాదు. గోడ అవతల నుంచి రోజూ వినేదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఆ పద్యం ఏ రెండు రోజులూ ఒక్కలా ఉండేది కాదు. మూడో పాదం చివర ఒక చోట గొంతు మెట్లు దిగుతున్నట్టు దిగి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయేది. దిగుతుందో, మళ్ళీ ఎక్కుతుందో తెలిసేది కాదు. నేను జడ అల్లుకుంటూ ఆపేసి వినేదాన్ని. టేపు రికార్డరు ఇంట్లోనే ఉంది కదా అని ఇప్పుడు అడుగుతారు. రోజూ పొద్దున వినపడేదాన్ని ఎవరు రికార్డు చేస్తారండీ? పక్కింట్లో పిండి రుబ్బే చప్పుడు చేస్తామా?

ఆవిడకి ఒక్కటే బెంగ. శిష్యులు లేరు. నేర్చుకుంటామని వచ్చిన పిల్లలు ఆ రాగం దగ్గరకొచ్చేసరికి పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయేవాళ్ళు. "నేను పోతే ఇది కూడా నాతో పాటే పోతుందమ్మాయ్. ఎక్కడన్నా కాస్త మిగిలితే బాగుండు" అనేది. సరిగ్గా అప్పుడే సినిమా వచ్చింది.

తెనాలిలో ఒక రైసుమిల్లు ఆసామి ఉండేవాడు. నాటకాల పిచ్చోడు. ముందు వరుసలో కూర్చుని "వన్స్ మోర్" మొదలుపెట్టేది ఆయనే. రాణి నాటకాన్ని సినిమా తీస్తానని, అది కూడా స్టేజీ ఆర్టిస్టులతోనే తీస్తానని మద్రాసు నుంచి ఒక డైరెక్టరుని తీసుకొచ్చాడు. కుర్రాడే, మర్యాదస్థుడు. చిన్నప్పుడు రేపల్లెలో మేనమామ భుజాల మీద కూర్చుని ఈ నాటకం చూశాడట. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి కింద చాప మీద కూర్చున్నాడు. నేనే టీ ఇచ్చాను.

"అమ్మా, సినిమాలో మీ మొహం ఇంత దగ్గరగా కనపడుతుంది. ఒక్క కన్నీటి చుక్క చాలు, జనానికి అర్థమైపోతుంది. అంత రాగం అక్కర్లేదు" అన్నాడు.

"ఏడుస్తూ వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపిస్తామా నాయనా? పీట వేసి కూర్చోమంటాం. రాగం ఆ పీట."

"సినిమాలో కుర్చీలు ముందే వేసుంటాయి కదమ్మా!"

ఆవిడ పకపకా నవ్వింది. కుర్రాడు అప్పుడే నచ్చేశాడు. రాగం కొంత తగ్గించడానికి, పూర్తిగా తీసెయ్యకుండా ఉండడానికి ఒప్పందం కుదిరింది. నా చేతిలోనైతే అంత తొందరగా ఎప్పుడూ ఓడిపోలేదు.

రికార్డింగుకి మద్రాసు వెళ్ళొచ్చింది. వచ్చీ రాగానే గోడ తట్టి పిలిచింది. "అద్దాల గదిలో పెట్టారమ్మాయ్. ఎదురుగా మనిషి లేడు. ఎవరికి పాడను నాయనా అంటే మైకుకి పాడమన్నాడు. మైకు తలకాయన్నా ఊపదే! శవానికి పాడి పాడి అలవాటు కాబట్టి బతికిపోయాను." మొత్తానికి పాడింది. బాగుందన్నారు. "ఇక ఇది ఊరూరా డబ్బాలో తిరుగుతుంది" అని ఆ వారమంతా ఇరుగుపొరుగుకి చెప్పుకుంది.

షూటింగు సూర్యలంకలో. రణరంగానికి ఇసుక కావాలి, పక్కనే సముద్రం, ఇంకేం కావాలి? ఆవిడకి తోడుగా నేనూ వెళ్ళాను. వలలు ఆరేసుకునే చోటు పక్కన శవాలుగా పడుకోబెట్టడానికి అక్కడి కుర్రాళ్ళనే పెట్టారు. వాళ్ళకి ఇసుక వేడి తగిలి శవాలు మాటిమాటికీ పక్కకి దొర్లేవి. ఒక పెద్ద స్పీకరు పెట్టెలోంచి మద్రాసులో పాడిన పద్యం వేస్తారు, దానికి తగ్గట్టు ఆవిడ పెదాలు కదపాలి. అంతే పని.

అదే కుదరలేదు.

పెట్టెలోంచి వచ్చేది ఆవిడ గొంతే. ఆవిడ పెదాలు ఇంకో దారిన పోతున్నాయి. పెట్టె ఆగిన చోట ఆవిడ ఆగదు, పెట్టె దిగిన చోట ఆవిడ ఎక్కుతుంది. కట్ అంటారు, మళ్ళీ వేస్తారు. ఈసారి ఇంకోలా పోతుంది. కావాలని కాదు. తొడ గిల్లుకుంటూ ప్రయత్నించింది, నేను చూశాను. శవాన్ని చూడగానే లోపల్నుంచి ఆ రోజుది ఆ రోజుకి వచ్చేసేది.

"అమ్మా, మీరు పాడిందే కదా! అదే మళ్ళీ అనండి" అన్నాడు డైరెక్టరు, ఓపికగానే.

"అది మొన్నటి ఏడుపు నాయనా. ఇవాళ్టిది వేరే."

వలల దగ్గర నిలబడ్డ ఒకావిడ పక్కావిడతో, "ఆ తల్లి పెట్టెతో పోటీ పడతందేంటే!" అంది. ఆ మాట నిజం. ఆవిడ తన గొంతుతోనే పోటీ పడుతోంది, ప్రతిసారీ గెలుస్తోంది. గెలిస్తే సినిమాకి పనికిరాదు.

మధ్యాహ్నం సరుగుడు చెట్ల నీడలో అన్నాలకి కూర్చున్నప్పుడు డైరెక్టరు, మిల్లు ఆసామి కలిసి వచ్చారు. ఆసామి తల ఎత్తలేదు. డైరెక్టరే చెప్పాడు. రెండే దారులు. ఆవిడ గొంతు ఉంచి, తెర మీద ఇంకో అమ్మాయిని పెట్టడం. అమ్మాయిలకి మద్రాసులో కొదవ లేదు, పెట్టె చెప్పినట్టు కదుపుతారు. లేదా ఆవిడ మొహం ఉంచి, పద్యం ఇంకొకరి చేత పొట్టిగా, తిన్నగా పాడించడం. అది ఆవిడది కాదు కాబట్టి ఆవిడ పెదాలు దాని మీద తిరగబడవు. సాయంత్రానికి చెప్పమన్నాడు.

నేను ఊరుకుంటానా? "ఇందులో ఆలోచించేదేముంది పిన్నిగారూ? గొంతు ఇవ్వండి. మొహం ఎవరిదైతే ఏం? మీకు కావాల్సింది రాగం మిగలడమేగా?"

ఆవిడ మేకప్పు పెట్టెలో అద్దం తీసి చూసుకుంటోంది. ఎండకి రంగు కరిగి చెంప మీద చారలు కట్టింది.

"గొంతెక్కడికి పోతుందమ్మాయ్? నాతోనే ఉంటుంది. పొద్దున లేచి పిలిస్తే పలుకుతుంది. మొహమే, రోజుకింత జారిపోతోంది."

"అయితే మాత్రం?"

"నా మొహం ఎవరు చూశారు చెప్పు. ముందు రెండు వరుసలవాళ్ళు, వాళ్ళూ రంగునే చూశారు. ఒక్కసారి ఊరంతా చూడనీ. చూసినవాళ్ళు ఈ రాణి నిజంగా ఎలా పాడుతుందో విందామని నాటకానికొస్తారు. అప్పుడు వినిపిస్తాను. సినిమాలో లేకపోతే ఏం, స్టేజీ నాదేగా?"

చాలా వాదించాను. మొహమనేది అందరికీ ఉంటుందన్నాను. "నీకుందిలే" అంది. సాయంత్రం డైరెక్టరుకి మొహమే ఉంచమని చెప్పింది. మద్రాసు నుంచి ఇంకో అమ్మాయి పాడిన టేపు వచ్చేదాకా నాలుగు రోజులు ఆగి, ఒక్క దెబ్బకి పెదాలు కదిపేసింది. మద్రాసులో ఆవిడ పాడిన టేపు ఏమైందని తర్వాత ఆసామిని అడిగాను. దాని మీద ఇంకేదో పాట ఎక్కించారటండి.

సినిమా వచ్చాక తెనాలిలో చూడనంది. రేపల్లెలో చూడాలంది. "నా నాటకానికి ఎక్కువ వన్స్ మోర్లు రేపల్లెలోనే. వాళ్ళకి చెవులున్నాయి." ప్యాసింజరు ఎక్కి మ్యాట్నీకి వెళ్ళాం. ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాం. దారంతా నోటి మీద కొంగు కప్పుకునే ఉంది, హాల్లో పాడేదేం లేకపోయినా. ఆవిడ మొహం తెర నిండా వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. నిజం చెప్పాలి, ఆ మొహం గొప్పగా ఉంది. ఆ చారలు కూడా అలాగే ఉంచాడు కుర్రాడు. పద్యం సన్నగా, తిన్నగా, ఎక్కడా తొణక్కుండా వెళ్ళిపోయింది.

పద్యం అవగానే బెంచీ క్లాసులోంచి ఎవరో పెద్దాయన అరిచాడు, "వన్స్ మోర్!" అలవాటు. వెనక ఇంకో ఇద్దరు అందుకున్నారు.

నా పక్కన ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది. అదీ అలవాటే. అప్పటికి తెర మీద గుర్రాలు పరిగెడుతున్నాయి. వెనకావిడ, "కూర్చోండి అత్తయ్యగారూ, కనపడట్లేదు" అంది. ఆవిడ కూర్చుంది. జోడించిన చేతులు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి.

తిరుగు రైల్లో వేమూరు దాటాం. తర్వాత, "ఆ పిల్లెవరో గానీ శ్రుతి బాగుంది" అంది. నాకు ఒళ్ళు మండింది. "మీ కొడుకు శవం మీద పడి వేరేవాళ్ళు ఏడిస్తే శ్రుతి బాగుందంటారా?" అన్నాను. కిటికీ వైపు తిరిగింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. గాలి తిన్నగా మొహానికి కొడుతోంది.

ఆవిడ లెక్క సగం నిజమైంది. సినిమా చూసిన జనం నాటకానికొచ్చారు. అంతకుముందు పిలవని ఊళ్ళు కూడా పిలిచాయి. వచ్చినవాళ్ళు రాణి మొహం చూసి ఈలలేశారు. ఆవిడ రాగం ఎత్తుకునేసరికి చప్పట్లు మొదలుపెట్టారు, ఆపమని. "సినిమాలోలాగా పాడమ్మా!" అని కేకలు. భట్టిప్రోలు దగ్గర ఒక ఊళ్ళో హార్మోనియం ఆయన లేచి గొడవపడ్డాడట. కాంట్రాక్టర్లు మాత్రం గొడవపడలేదు. కాసెట్టు కొనిచ్చి, ఇలాగే పాడమన్నారు. పాడకపోతే ఇంక పిలవం అన్నారు. పిలవకపోతే ఆవిడకి బతుకే లేదు. తిండి సంగతి కాదు నేననేది.

అప్పుడే మాకు బాపట్ల బదిలీ అయింది. ఖాళీ చేసే ముందు కొన్నాళ్ళు గోడ అవతల నుంచి పొద్దున్నే రెండు గొంతులు వినపడేవి. ముందు కాసెట్టులో ఆ అమ్మాయి, వెనక ఈవిడ. ఈవిడ బడిపిల్లలా తడబడుతూ అప్పజెప్పేది. కొన్నాళ్ళకి తడబాటు పోయింది. ఏది కాసెట్టో, ఏది ఈవిడో చెప్పడానికి నేను చెవి పెట్టాల్సొచ్చేది.

తర్వాత చాలా ఏళ్ళు చూడలేదు. తొంభైల్లో ఒక మధ్యాహ్నం చీరాల వైపు నుంచి వస్తూ బాపట్లలో దిగి, నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చిక్కిపోయింది. పిలుపులు కూడా తగ్గాయట, జనం ఇప్పుడు కేబుల్ చూస్తున్నారంది. అన్నం తిన్నాక నేనే అడిగాను. "ఇక్కడ కాంట్రాక్టరు లేడు, చప్పట్లు లేవు. నాకోసం మీ పద్యం పాడండి. మీది."

మిరియం తీసి పళ్ళెం అంచున పెట్టింది. కళ్ళు మూసుకుంది. మొదటి పాదం వచ్చింది. అదే, నేను జడ ఆపేసి విన్నదే. గొంతు చెక్కుచెదరలేదు. రెండో పాదం సగంలో దారి తప్పి తిన్నగా, సన్నగా జారిపోయింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే జారింది.

"మధ్యలో ఆ పిల్ల వచ్చేస్తోందమ్మాయ్" అంది.

ఇంకోసారి ప్రయత్నించింది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఆ చూపు స్టేజీ మీద ఎప్పుడూ చూడలేదు. "నువ్వు గోడవతల్నించి అన్నేళ్ళు విన్నావుగా. ఇక్కణ్ణించి ఎటు వెళ్ళేదాన్ని? ఒక్కసారి అను, నేను అందుకుంటాను."

వాదించమంటే ఎంతసేపైనా వాదిస్తాను. పాడ్డం నాకు రాదు. చర్చిలో ఉత్తినే పెదాలు కదిపేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అయినా సిగ్గు విడిచి కూనిరాగం తీశాను.

"కాదు."

ఇంకోలా తీశాను.

"అది మీ చర్చిది."

ఇద్దరం నవ్వాం. మళ్ళీ తీశాను. మళ్ళీ కాదంది. తప్పని నాకూ తెలుస్తూనే ఉంది. ఆవిడ కాదనకముందే తెలుస్తోంది. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, పిల్లకి నేర్పుతున్నట్టు, కొద్దిగా ముందుకి వంగి, నా నోటి వంకే చూస్తోంది. వీధిలో పాలవాడు వచ్చి పిలిచి పిలిచి వెళ్ళిపోయాడు. అది కాదు, అదీ కాదు, అదీ కాదు. కానివన్నీ ఇద్దరికీ తెలుసు. అయినది మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు.